చత్వారం కళ్లకు రెడ్ డాట్: గ్లాక్ 19తో 14 నెలలు

నాకు 47 ఏళ్లు. చత్వారం వచ్చినప్పటి నుంచీ పిస్టల్ ముందు సైటు మసగ్గా కనిపించేది. కళ్లజోడు పెట్టుకుంటే సైటు తేటపడేది కానీ టార్గెట్ అలుక్కుపోయేది. అందుకే పాతది ఇచ్చేసి గ్లాక్ 19 జెన్ 5 ఎంఓఎస్ (పైన డాట్ సైటు బిగించుకునే వీలున్న మోడల్ పిస్టల్) కొని, దాని మీద హోలోసన్ 507సి అనే రెడ్ డాట్ సైటు బిగించుకున్నాను. ఇది చిన్న అద్దం, అందులో వెలిగే ఎర్ర చుక్కను టార్గెట్ మీద పెట్టి కాల్చాలి. ఇప్పటికి సుమారు 3,000 రౌండ్లు కాల్చాను. మనవాళ్లకు ఒక మాట: హెచ్1బి మీద ఉన్నవారు హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటే తప్ప తుపాకి దగ్గర ఉంచుకోవడానికి అమెరికా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. నేను గ్రీన్ కార్డు వచ్చాకే ఇందులోకి దిగాను.

మొదటి రోజు బాగా గుర్తుంది. ఫ్రిస్కో దగ్గర ఇండోర్ రేంజ్, 10 గజాల్లో టార్గెట్. పిస్టల్ ఎత్తితే అద్దంలో చుక్క లేదు. బ్యాటరీ అయిపోయిందేమో అని టెన్షన్ పడ్డాను. మణికట్టు కాస్త కిందికి వంచితే పైనుంచి దిగింది. దించి మళ్లీ ఎత్తితే మళ్లీ మాయం. తోడొచ్చిన గుంటూరు మిత్రుడు చూసి, "చుక్కను వెతకమాకు అన్నా. నీ చూపు టార్గెట్ మీదే ఉంచు, అదే వచ్చిద్ది" అన్నాడు. పాత సైట్లతో చూపు ముందు సైటు మీద నిలపాలి, దీనితో టార్గెట్ మీదే. చత్వారం ఉన్నవాళ్లకు ఇది పెద్ద వరం.

దానికితోడు తూటాలన్నీ రెండంగుళాలు కిందికి, రెండంగుళాలు ఎడమకు పడ్డాయి. సైటుదే తేడా అనుకున్నాను. ఇందులో సర్దుబాటు స్క్రూ ఒక క్లిక్కు తిప్పితే 1 ఎంఓఏ (కోణం కొలత) జరుగుతుంది, అంటే 10 గజాల్లో అంగుళంలో పదోవంతు. పైకి 20, కుడికి 20 తిప్పేశాను. తర్వాత మిత్రుడు ఇసుక సంచి మీద ఆనించి ఐదు రౌండ్లు కాలిస్తే ఐదూ పైకి, కుడికి పడ్డాయి. సైటు ముందే సరిగ్గా ఉంది. నేను ట్రిగ్గర్ గుంజుతుంటే పిస్టల్ మూతి కిందికి, ఎడమకు పోతోంది. మీరు మాత్రం ముందు సంచి మీద ఆనించి జీరో చేసుకోండి, అంటే చుక్క పెట్టిన చోటే తూటా పడేలా సైటు సరిచేసుకోండి.

చుక్క వెతుకులాట రేంజ్‌లో పోలేదు, ఇంట్లో పోయింది. తూటాలు వేరే గదిలో పెట్టి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, ఖాళీ పిస్టల్‌ను రోజూ పది నిమిషాలు గోడ మీది స్టిక్కర్ వైపు ఎత్తేవాణ్ణి. అద్దానికి ముందువైపు మాస్కింగ్ టేప్ అంటించి, రెండు కళ్లూ తెరిచి ఉంచాలి. ఒక కంటికి చుక్క, రెండో కంటికి స్టిక్కర్ కనిపించి రెండూ కలిసిపోతాయి. ఆరు వారాలు పట్టింది.

మొదట్లో చుక్క నాకు గుండ్రంగా కాక కామాలా కనిపించేది. ఫోన్‌తో ఫొటో తీస్తే చక్కగా గుండ్రంగా ఉంది. తేడా సైటులో లేదు, ఆస్టిగ్మాటిజం (కంటి వంపులో తేడా వల్ల ఆకారాలు సాగినట్టు కనిపించడం) నా కంట్లో ఉంది. వెలుగు తగ్గించి, చుక్క చుట్టూ వెలిగే 32 ఎంఓఏ రింగు వేసుకున్నాక ఆ ఇబ్బంది పోయింది. కొనే ముందు మీరూ ఫోన్‌తో చూసుకోండి.

బ్యాటరీ సీఆర్1632. పక్కనుంచే మార్చొచ్చు, సైటు విప్పక్కర్లేదు కాబట్టి జీరో పోదు. స్క్రూలకు బ్లూ లాక్‌టైట్ (వదులవకుండా పట్టించే జిగురు) వేసి, పైన పెయింట్ పెన్‌తో గీత గీశాను. ప్రతిసారీ ఆ గీత జరిగిందేమో చూసుకుంటాను. గ్లాక్‌తో వచ్చే మామూలు సైట్లు పొట్టివి, డాట్ అద్దంలోంచి కనిపించవు. డాట్ ఆగిపోతే ఆధారం ఉండాలనుకుంటే ఎత్తు సైట్లకు విడిగా ఖర్చు పెట్టాలి.

పాత సైట్లతో 25 గజాల్లో కాగితం మీద పడితే చాలనుకునేవాణ్ణి. పోయిన శనివారం పది రౌండ్లలో తొమ్మిది ఎనిమిదంగుళాల వలయంలో పడ్డాయి. పదోది కింద, ఎడమకు.