ఫ్యాటీ లివర్‌కని కొన్న హెంప్ గింజల నూనె: గానుగ నడిపేవాడి మాట

ముందు నూనె సంగతి చెప్తాను, ఎందుకంటే నాకు బాగా తెలిసింది అదే. తిరుపతి కొర్లగుంటలో మాకు చెక్క గానుగ ఉంది. చెనక్కాయలు, నువ్వులు, కొబ్బరి ఆడిస్తాం. ఇరవై రెండేళ్లుగా చేతికి నూనె అంటని రోజు లేదు.

ఈ హెంప్ (గంజాయి జాతి మొక్క) గింజల నూనె సీసా 250 మిల్లీలీటర్లు, ధర 1,150 రూపాయలు. ఆ డబ్బుకు నా దగ్గర చెనక్కాయ నూనె మూడు లీటర్లకు పైనే వస్తుంది. మూత తియ్యగానే పచ్చి గడ్డి వాసన, దాని వెనకాల అక్రోటు గింజ నమిలినట్టు ఒక కమ్మదనం. రంగు గోరింటాకు నూరిన నీళ్లలాగా ముదురు పచ్చ. తెల్ల పళ్లెంలో ఒక చుక్క వేసి వేలితో లాగితే అంచు పసుపుపచ్చగా తేలింది. అడుగున మడ్డి కొంచెమే ఉంది, వేడి తగలకుండా ఆడించిన నూనె అని చూస్తేనే తెలుస్తుంది. నాలుక మీద బాగుంటుంది, గొంతు దిగేటప్పుడు చిన్న చేదు. తాలింపుకు మాత్రం పనికిరాదు. మూకుడు వేడెక్కీ ఎక్కక ముందే పొగ లేస్తుంది. నూనెగా దీనికి అయిదుకు మూడు ఇస్తాను.

నేను దీన్ని నూనెగా కొనలేదు, మందుగా కొన్నాను. అసలు రాయాల్సింది ఆ సంగతే.

నాకు తాగుడు లేదు, బీడీ కూడా లేదు. పోయిన ఏడాది పొట్టలో కుడివైపు బరువుగా ఉంటే స్కానింగ్ తీయించాను. గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అన్నారు. బరువు 81 కిలోలు, ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 68. లివర్ కొవ్వునూ గట్టిదనాన్నీ కొలిచే ఫైబ్రోస్కాన్‌లో కొవ్వు లెక్క 296, గట్టిదనం 6.1. లివర్ గట్టిపడి మచ్చ ఇంకా పడలేదు, బరువు తగ్గించు, మూడు నెలలకు రా అన్నారు డాక్టరు. ఆ వారంలోనే ఊళ్లో ఒక ఆర్గానిక్ అంగడికి పోయాను. అంగడి పేరు, కంపెనీ పేరు ఇక్కడ రాయను. కౌంటర్లో పిల్లోడు మర్యాదగానే మాట్లాడినాడు. "అన్నా, మన ఒంట్లోనే ఎండోకానబినాయిడ్ సిస్టం అని ఒకటి ఉంది. అది చెడితేనే లివర్‌కు కొవ్వు పడుతుంది. ఈ నూనె దాన్ని బ్యాలెన్స్ చేస్తుంది. పొద్దున ఒక టీస్పూను, రాత్రి ఒక టీస్పూను, మూడు నెలలు" అన్నాడు. అంత పెద్ద పేరు అంత ధీమాగా చెప్తే నమ్మబుద్ధి అయింది. మా అమ్మ మటుకు "గంజాయి గింజల నూనె ఇంట్లోకి తెస్తావారా" అని రెండు రోజులు ముఖం చూడలేదు. చట్టం ప్రకారం తప్పేమీ లేదు. 1985 నాటి మత్తుమందుల చట్టం గంజాయి అనే మాట నుంచి గింజను విడిగా పక్కన పెట్టింది. 2021 నవంబరులో ఫుడ్ సేఫ్టీ వాళ్లు కూడా హెంప్ గింజను, దాని నూనెను ఆహారంగా అమ్ముకోవచ్చని ఒప్పుకున్నారు. మత్తు ఏ కోశానా లేదు. ఆ భయం ఎవరికీ వద్దు.

మూడు నెలల్లో నాలుగు సీసాలు అయినాయి. మందు పని చేస్తుందిలే అని నడక వాయిదా వేస్తూ వచ్చాను. తిరిగి స్కాన్ చేస్తే కొవ్వు లెక్క 301, గట్టిదనం 6.4, బరువు 82.

నాకు లెక్క తెలుసు, అయినా వెయ్యలేదు. నూనె గ్రాముకు 9 క్యాలరీలు, అది ఏ గింజదైనా సరే. రెండు టీస్పూన్లు అంటే రోజుకు 80. తొంభై రోజులకు 7,200. ఒంట్లో కిలో కొవ్వు పేరుకోవడానికి దాదాపు అంత చాలు. తినేది తగ్గించకుండా దాని పైన ఈ నూనె పోసుకున్నాను.

మా అమ్మాయి పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఫార్మసీ చదువుతోంది. ఆదివారం గానుగ దగ్గర కూర్చుని సీసా అటూ ఇటూ తిప్పి చూసింది. "నాన్నా, ఆ అబ్బాయి చెప్పిన సిస్టం నిజమే. దానికీ ఈ సీసాకూ సంబంధం లేదు" అనింది. తను చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను.

గంజాయి మొక్కలోని మత్తు పదార్థం పోయి తగులుకునే చోట్లు మన కణాల మీద ఉన్నాయి. వాటికి సీబీ1, సీబీ2 అని పేర్లు. గంజాయి కోసం దేవుడు వాటిని పెట్టలేదు కదా, మరి మన ఒంట్లోనే దాని లాంటిది ఏదో తయారు కావాలి అని వెతికారు. 1992లో జెరూసలేంలో రాఫెల్ మెషూలం ల్యాబులో పంది మెదడు నుంచి దాన్ని తీశారు. పేరు ఆనందమైడ్. మన ఆనందమే, సంస్కృతం నుంచి తీసుకుని పెట్టారు. ఆ తర్వాత టూ-ఏజీ అని రెండోది దొరికింది. ఈ రెండూ, అవి తగులుకునే చోట్లూ కలిపితే ఆ పిల్లోడు చెప్పిన ఎండోకానబినాయిడ్ సిస్టం. మెదడులో సీబీ1 ఆకలి పుట్టిస్తుంది. లివర్‌లో అది మామూలుగా కొంచెమే ఉంటుంది. కొవ్వు పట్టిన లివర్‌లో పెరుగుతుంది. అది మేలుకుంటే ఎస్‌ఆర్‌ఈబీపీ-1సీ అనే మేస్త్రి లాంటి ప్రోటీన్ లేచి, కొత్త కొవ్వు తయారు చేసే ఎంజైములను పనిలో పెడుతుంది. ఇక్కడ నాకు మా గానుగే గుర్తొచ్చింది. మోటారు ఆపకుండా వదిలేస్తే కింద డబ్బా నిండి పొర్లుతున్నా నూనె కారుతూనే ఉంటుంది.

అమెరికాలో జార్జ్ కూనోస్ బృందం 2005లో ఎలుకల మీద దీన్ని చూపించింది. కొవ్వు మేత బాగా పెట్టినా, సీబీ1 లేని ఎలుకలకు లివర్‌లో కొవ్వు పేరుకోలేదు. సీబీ2 కథ వేరే. అది ఎక్కువగా వాపుకు వచ్చే రక్షణ కణాల మీద ఉంటుంది, ఎలుకల లివర్‌లో మచ్చ పడకుండా అడ్డం పడుతుంది. సీబీ1 అదే మచ్చను పెంచుతుంది. ఒకే సిస్టంలో ఒకటి అటు, ఒకటి ఇటు. కాబట్టి "బ్యాలెన్స్ చేస్తుంది" అంటే దేన్ని పెంచుతుంది, దేన్ని తగ్గిస్తుంది అని అడగాలి. నేను అడగలేదు.

సీబీ1ను మూసేసే మందు నిజంగానే వచ్చింది. రిమోనబాంట్. 2006లో యూరప్‌లో బరువు తగ్గడానికి అమ్మారు. బరువు తగ్గింది, లివర్ కొవ్వూ తగ్గింది. కానీ అది మెదడులోని సీబీ1ను కూడా మూసింది. మనుషులు దిగులులో పడిపోయారు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వచ్చాయి. 2008లో అక్కడ అమ్మకం ఆపించారు, 2009లో మన దేశంలోనూ నిషేధించారు. ఆనందం పేరు పెట్టిన పదార్థం పోయి కూర్చునే చోటు మూసేస్తే దిగులు పుట్టింది, ఈ మాట నన్ను చాలాసేపు వదలలేదు. ఇప్పుడు మెదడులోకి పోకుండా లివర్ వరకే పనిచేసే మందుల కోసం ప్రయత్నిస్తున్నారు. ఫ్యాటీ లివర్‌కని అలాంటిది ఇప్పటిదాకా ఏదీ మందుల షాపుకు రాలేదు.

మరి ఈ సీసాలో ఏముంది? ఈ మొక్కలో మత్తు లేని, మందుగా వాడే పదార్థం సీబీడీ. అది పువ్వులో, ఆకులో ఉండే జిగురులో ఉంటుంది, గింజలో ఉండదు. గింజకు అంటుకుని వచ్చే కాస్తకే ఫుడ్ సేఫ్టీ వాళ్ల హద్దు కిలోకు 75 మిల్లీగ్రాములు. నేను తాగిన రెండు టీస్పూన్లలో ఆ హద్దు నిండా ఉన్నా ఒక మిల్లీగ్రాము కూడా రాదు. మూర్ఛకు వాడే సీబీడీ మందు రోజుకు ఒంటి బరువు కిలోకు 10 మిల్లీగ్రాములు, అవసరమైతే అంతకు పైన ఇస్తారు. ఆ మందు వాడేవాళ్లకు లివర్ ఎంజైములు పెరుగుతున్నాయా అని రక్తపరీక్షలు చేస్తూ ఉండాలట! లివర్‌కు మంచిదని నాకు అమ్మింది ఆ మొక్క పేరు చెప్పే, చూడండి.

ఇంకొకటి. ఈ నూనెలో సగానికి పైగా లినోలిక్ ఆమ్లం. ఒంట్లో ఆనందమైడ్, టూ-ఏజీ తయారయ్యే దారి మొదలయ్యేది దాని నుంచే. మేతలో దాన్ని పెంచితే ఎలుకల లివర్‌లో ఈ రెండూ పెరిగాయి. నా చెనక్కాయ నూనెలోనూ అది ఉంది, తక్కువ పాళ్లలో. అందుకే నా గిరాకీకి కూడా ఇప్పుడు చెప్తున్నాను, గానుగ నూనె అని రెండు గరిటెలు ఎక్కువ పోసుకోవద్దని.

రెండో స్కాన్ తర్వాత డాక్టరు కోప్పడలేదు. బరువులో 5 శాతం తగ్గితే లివర్ కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా దిగుతుంది అన్నారు. రోజూ పొద్దున అలిపిరి దాకా నడక, వారానికి రెండు రోజులు మెట్లెక్కి గాలిగోపురం వరకు. రాత్రి అన్నం మాని చిన్న సంగటి ముద్ద, పక్కన ఊరిబిండి బదులు ఆకుకూర. ఆరు నెలలకు 76 కిలోలు. కొవ్వు లెక్క 262, ఎస్‌జీపీటీ 39.

లివర్ మందుగా ఈ సీసాకు సున్నా ఇస్తున్నాను. సలాడ్ మీదకో, ఇడ్లీ కారంలోకో కావాలంటే కొనుక్కోండి, చిన్న సీసానే కొనండి. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టండి. నా నాలుగో సీసాలో మిగిలిన నాలుగు వేళ్ల నూనె బయట అల్మారాలోనే ఉండిపోయింది. నిన్న మూత తీస్తే గడ్డి వాసన పోయి, ముక్కిన వాసన కొట్టింది.