ప్లైవుడ్ సెస్నా: కొన్నేళ్లు నడిపాక

సెస్నా 172 అనే చిన్న విమానం కాక్‌పిట్‌ను చవక సామాన్లతో ఇంట్లోనే కట్టుకుని, ఎక్స్-ప్లేన్ అనే విమాన సిమ్యులేటర్ ప్రోగ్రాంతో కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఏది నిలిచిందో, ఏది పోయిందో ఇప్పుడు చెప్పగలను.

12 ఎంఎం ప్లైవుడ్ ఫ్రేమ్‌కు ఏమీ కాలేదు. ప్యానెల్‌కు పెట్టిన ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక) మాత్రం వానాకాలం తేమకి అంచుల్లో ఉబ్బిపోయింది. ఇప్పుడున్నది సన్‌బోర్డు, అంటే పీవీసీ ఫోమ్ పలక. మామూలు కట్టర్‌తో కోసుకోవచ్చు, చెదల భయం లేదు. కానీ మెత్తన. స్విచ్ నట్టు గట్టిగా బిగిస్తే నొక్కుకుపోతుంది, వెనకాల అల్యూమినియం పట్టీ వేయాల్సిందే.

స్విచ్‌లు, రేడియో నాబ్‌లు అన్నీ ఒక్క ఆర్డునో మెగా అనే చిన్న కంట్రోలర్ బోర్డుకే కలిపాను. దానికి 54 డిజిటల్ పిన్నులు ఉంటాయి, నాబ్ తిప్పడాన్ని లెక్కించే ఒక్కో ఎన్‌కోడర్ రెండు పిన్నులు తింటుంది. బోర్డును సిమ్యులేటర్‌కు కలిపే మోబిఫ్లైట్ సాఫ్ట్‌వేర్ ఉచితం, కోడ్ రాసే పని లేదు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న టాగుల్ స్విచ్‌లు ఇప్పటికీ టక్కుమంటున్నాయి. చవక ఎన్‌కోడర్లే విసిగిస్తాయి: ఫ్రీక్వెన్సీ ఒక మెట్టు తిప్పితే రెండు దూకుతుంది, ఒక్కోసారి వెనక్కి పోతుంది.

అసలు సంగతి యోక్, అంటే విమానం స్టీరింగ్. దాని కదలికను కొలిచే పొటెన్షియోమీటర్‌లో కార్బన్ పట్టీ మీద ముల్లు రాసుకుంటూ తిరుగుతుంది. మనం ఎక్కువసేపు ఉంచేది మధ్యలోనే కాబట్టి అరుగుదలా అక్కడే. నేరుగా ఎగురుతుంటే ముక్కు దానంతటదే ఊగుతుంది, ల్యాండింగ్‌లో టెన్షన్. వాటిని తీసి 49ఈ హాల్ సెన్సర్లు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేవి), చిన్న అయస్కాంతాలు పెట్టాక ఆ బాధ పోయింది. ఇందులో రాసుకునేదేమీ లేదు. అయస్కాంతానికీ సెన్సర్‌కీ మధ్య దూరం మారకుండా చూసుకుంటే చాలు. యోక్, పెడల్స్ ఆర్డునో లియొనార్డో బోర్డు మీద ఉన్నాయి, కంప్యూటర్‌కి అది నేరుగా జాయ్‌స్టిక్‌లా కనిపిస్తుంది.

యోక్‌ను మధ్యకు లాగే స్ప్రింగులతో ఒక లోటు తీరదు. నిజం విమానంలో వేగం పెరిగేకొద్దీ యోక్ బిగుసుకుంటుంది, ట్రిమ్ (యోక్ మీది ఒత్తిడిని సరిచేసే చక్రం) తిప్పితే చేతి మీద బరువు తగ్గుతుంది. ఇక్కడ ఎప్పుడూ ఒకటే బిగువు. ట్రిమ్ చేస్తూ యోక్‌ను మెల్లగా మధ్యకు వదలడం అలవాటు చేసుకోవాలి.

తలుపు బందులతో చేసిన పెడల్స్ బాగానే ఉన్నాయి. టైల్స్ మీద చక్రాల కుర్చీతో మాత్రం కుదరదు: రడ్డర్ (తోక చుక్కాని) పెడల్ తొక్కితే విమానం కాదు, మనమే వెనక్కి పోతాం! పాత కారు సీటును ఫ్రేమ్‌కే బిగించాను. ఇంట్లోవాళ్లకు అది బొత్తిగా నచ్చలేదు.

స్లయిడ్ పాట్ (జరిపే పొటెన్షియోమీటర్)తో చేసిన థ్రాటిల్ (ఇంజన్ శక్తిని మార్చే పిడి) ఇంకా బాగానే పనిచేస్తోంది, దాన్ని ఇప్పట్లో మార్చను.