సిరంజి, పెన్ను, పంపు: ఇన్సులిన్‌కు ఏది మేలు?

ఇన్సులిన్ వేసుకోవాలని డాక్టరు చెప్పగానే ఇంట్లో ముందు నొప్పి గురించి, తర్వాత ఖర్చు గురించి మాట్లాడుకుంటారు. ఆ రెండింటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: డోసు తప్పితే ఆ సంగతి ఎప్పుడు తెలుస్తుంది? సిరంజిలో మందు కంటికి కనిపిస్తుంది. పెన్నులో అంకె కనిపిస్తుంది గానీ ఒంట్లోకి ఎంత వెళ్ళిందో కనిపించదు. పంపు సూది చర్మం కింద వంగిపోతే, షుగర్ పెరిగాక గానీ తెలియదు.

సిరంజి సంగతి ముందు. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికేది యు-40, అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లు. 10 మి.లీ. సీసాలో 400 యూనిట్లు ఉంటాయి. దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నులో వేసే కార్ట్రిడ్జి, అంటే మందు నింపిన చిన్న గాజు గొట్టం, మాత్రం యు-100: 3 మి.లీ.లో 300 యూనిట్లు. యు-100 సిరంజికి నారింజ రంగు మూత. ఈ రెండు రంగులు తారుమారైతే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. యు-40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మి.లీ., అంటే 8 యూనిట్లే. అదే యు-100 మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే అర మి.లీ., అంటే 50 యూనిట్లు. మొదటి తప్పుతో షుగర్ దిగదు. రెండో తప్పుతో షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పొచ్చు.

రెండో తప్పు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతుంది. పెన్ను మొరాయించిందని కార్ట్రిడ్జిలోకి ఇంట్లో ఉన్న ఎర్ర మూత సిరంజి గుచ్చి లాగడం ఒకటి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన పెద్దవాళ్ళు మందు అయిపోయి అక్కడి సీసా కొనడం రెండోది. అక్కడ అమ్మేది యు-100. ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళిన ఎర్ర మూత సిరంజి దానికి పనికిరాదు. సరిపడా మందు, సరిపడా సిరంజిలు చేతి సంచిలోనే పెట్టుకోండి. లగేజీలో వేస్తే గడ్డకట్టే ప్రమాదం ఉంది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉండొచ్చు, కానీ పారేయాల్సిందే.

సిరంజికి ఉన్న గొప్ప సుగుణం ధర. మందు, సూది రెండూ చవక. కానీ చత్వారం వచ్చిన కళ్ళకు ఆ సన్న గీతలు ఆనవు. 14కూ 16కూ తేడా తెలియని వాళ్ళ చేతికి సిరంజి ఇవ్వకూడదు.

పెన్ను 1985లో డెన్మార్క్‌లో నోవో కంపెనీ నోవోపెన్ పేరుతో తెచ్చింది. వాడటం తేలికే గానీ, తేలికని అడుగులు దాటేస్తేనే చిక్కు. వరస ఇది: కొత్త సూది బిగించాలి. 2 యూనిట్లు తిప్పి, సూది పైకి పెట్టి నొక్కి, కొనన చుక్క మెరిసేదాకా చూడాలి. అప్పుడు డోసు తిప్పి గుచ్చాలి. అంకె సున్నాకు వచ్చాక కూడా బొటనవేలు తీయకుండా పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు సూది లాగాలి. చర్మం మీద చుక్క జారిందంటే తొందరపడి తీశారన్నమాట. ఆ చుక్కలో ఎన్ని యూనిట్లు పోయాయో చెప్పలేం కాబట్టి మళ్ళీ వేసుకోకండి, షుగర్ మాత్రం చూసుకోండి.

అన్నిటికంటే మామూలుగా జరిగే తప్పు వాడిన సూదిని పెన్నుకే వదిలేయడం. ఎండకు మందు వ్యాకోచించి బయటికి కారుతుంది, చల్లబడ్డప్పుడు గాలి లోపలికి పోతుంది. మరుసటి పూట నొక్కితే కొంత గాలి, కొంత మందు. త్వరగా పనిచేసేది 30 పాళ్ళు, నిదానంగా పనిచేసేది 70 పాళ్ళు కలిపిన, తెల్లగా మబ్బుగా ఉండే 30/70 రకానికి ఇంకో పేచీ ఉంది. అడుగున పేరుకున్న దాన్ని అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేసి కలపాలి. గట్టిగా ఊపితే నురుగు వస్తుంది. కలపకుండా వేసుకుంటే ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ పడి, తిండి మీద నింద పడుతుంది. కార్ట్రిడ్జిలో 12 యూనిట్లకంటే తక్కువ మిగిలితే ఆ రకం సరిగా కలవదు, కొత్తది వేయండి.

పెన్ను ఖరీదని అంటారు కదా, చిన్న డోసుల వాళ్ళు ఒకసారి లెక్క చూసుకోవాలి. చాలా రకాలు తెరిచాక నాలుగు వారాలే వాడాలి. రోజుకు ఒక్కసారి 8 యూనిట్లు వేసుకునే మనిషికి 28 రోజుల్లో 224 యూనిట్లు అవుతాయి. 400 యూనిట్ల సీసాలో 176 పారబోయాలి. పెన్నులో చుక్క చూడ్డానికి పోయే 2 కలిపి రోజుకు 10, 28 రోజులకు 280. ఒక కార్ట్రిడ్జి దాదాపు ఖాళీ. అదే పూటకు 40 చొప్పున రెండు పూటలా వేసుకునేవాళ్ళకు సీసాయే గిట్టుబాటు.

పంపు వేరే లోకం. ఒంటికి తగిలించుకునే ఈ చిన్న యంత్రం సన్న గొట్టం ద్వారా చర్మం కిందికి రోజంతా కొద్దికొద్దిగా ఇన్సులిన్ పంపుతుంది. 1963లో లాస్ ఏంజెలెస్‌లో ఆర్నాల్డ్ కాడిష్ చేసిన మొదటి నమూనా వీపుకు తగిలించుకునేంత ఉండేది. ఇప్పుడు నడుముకు పట్టేంత. గంటకు 0.05 యూనిట్ల చొప్పున కూడా ఇవ్వగలదు. పసిపిల్లలకు ఇది పెన్ను చేయలేని పని. అయితే ఇందులో త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే ఉంటుంది. ఒంట్లో నిల్వ ఉండదు. గొట్టం మడతపడినా, మే నెల చెమటకు అతుకు ఊడినా కొద్ది గంటల్లో షుగర్ ఎగబాకి కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్ళు కొవ్వును కరిగించినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) మొదలవుతాయి. అడ్డుపడిందన్న అలారం వెంటనే మోగదు. గొట్టంలో ఒత్తిడి పెరగాలి, చిన్న డోసుల్లో దానికి గంటలు పడుతుంది. అందుకే షుగర్ 250 దాటి, దాన్ని దించడానికి పంపుతో అదనపు డోసు ఇచ్చినా గంట రెండు గంటల్లో దిగకపోతే, ఆ దిద్దుబాటు డోసు పెన్నుతో వేసి, సెట్టు (గొట్టం, చర్మం కింద ఉండే సూది) మార్చి, కీటోన్లు చూడాలి. ఏమీ కాకపోయినా రెండు మూడు రోజులకోసారి సెట్టు మార్చాల్సిందే. పంపు పెట్టుకుంటే పని తగ్గుతుందనుకునేవాళ్ళు ఒక్క సంగతి గమనించాలి: ప్రతి భోజనానికీ కార్బోహైడ్రేట్ లెక్క చెప్పాల్సింది మనమే. 10 గ్రాములకు ఒక యూనిట్ అని డాక్టరు నిర్ణయిస్తే, 60 గ్రాముల భోజనానికి 6.

మందు ఎలా వేసినా షుగర్ కొలత తప్పితే అంతా తప్పే. మామిడిపండు తిన్న చేతిని కడగకుండా వేలు గుచ్చితే గ్లూకోమీటరు లేని షుగర్ చూపిస్తుంది. చర్మానికి అతికించే సెన్సరు కొలిచేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ద్రవాన్ని. షుగర్ వేగంగా మారేటప్పుడు అది కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. చేతి మీద ఒత్తిగిలి పడుకున్నా తప్పుడు తక్కువ చూపిస్తుంది. అంకెకూ ఒంట్లో తీరుకూ పొంతన కుదరకపోతే వేలు గుచ్చి చూడండి.

టైప్ 2 ఉండి, సొంతంగా వేసుకునే పెద్దవాళ్ళకు పెన్నే మేలు. డోసు పెద్దదై, డబ్బు కటకటగా ఉండి, చూపున్న మనిషి ఇంట్లో ఉంటే ఎర్ర మూత సిరంజిని తక్కువ చేయనక్కర్లేదు. పంపు టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం, ఉన్న పిల్లలకు, అదీ రాత్రి అలారం మోగితే లేచే మనిషి ఉన్న ఇంటికి. పంపు కొన్న ఇంట్లో కూడా ఫ్రిజ్ తలుపు అరలో ఒక పెన్ను, అలమరలో దాని సూదుల పెట్టె ఉండాలి.