బండి ఇస్తారు, డీజిల్ పోయరు: జపాన్ ‘కుసనోనె’ గ్రాంటుపై సమీక్ష

వర్ధమాన దేశాల్లోని చిన్న సంస్థలకు జపాన్ ప్రభుత్వం నేరుగా ఇచ్చే గ్రాంటును జపనీయులు క్లుప్తంగా ‘కుసనోనె’ అంటారు. గడ్డివేరు అని దాని అర్థం. మన పత్రికలు వాడే ‘క్షేత్రస్థాయి’ కంటే ఈ మాటే నాకు బాగా నచ్చింది. 1989లో మొదలైన ఈ పథకం పేరులో 2003 నుంచి ‘మానవ భద్రత’ కూడా చేరింది. మన దేశంలో ఢిల్లీలోని రాయబార కార్యాలయం, ఇతర నగరాల్లోని కాన్సులేట్లు దీన్ని నిర్వహిస్తాయి. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నైకి వెళ్తాయి.

దీనిలోని గొప్ప సుగుణం మధ్యవర్తులు లేకపోవడమే. కాన్సులేటు వారు స్వయంగా స్థలం చూసి, పని చేయబోయే సంస్థతోనే ఒప్పందం కుదుర్చుకుంటారు. ఒక్కో ప్రాజెక్టుకు కోటి యెన్లను చాలాకాలం సాధారణ పరిమితిగా పాటించారు. బడి గదులకో, అంబులెన్సుకో, తాగునీటి బోరుకో, ఆసుపత్రి పరికరాలకో అది చెప్పుకోదగ్గ మొత్తమే.

అయితే కట్టడానికీ కొనడానికీ ఇచ్చే ఈ సొమ్ము నడపడానికి రాదు. సిబ్బంది జీతాలు, కరెంటు బిల్లులు, వాహనానికి ఇంధనం, రోజువారీ వాడకపు సామగ్రి సంస్థే భరించాలి. ఈ నిబంధనను నేను పూర్తిగా తప్పుపట్టను. ఏడాదిపాటు పరాయి డబ్బుతో జీతాలిచ్చి, ఆ తరువాత తలుపులు మూసుకున్న కేంద్రం ఊరికి మిగిల్చేది నిరాశే. కాని డ్రైవరు జీతం ఎక్కడినుంచి వస్తుందో తేల్చుకోకుండా అంబులెన్సు కోరేవారికి ఈ గ్రాంటు వరం కాదు, బరువు.

కొనుగోళ్లకు మూడు సంస్థల కొటేషన్లు తీసుకోవాలన్న నియమం పరికరాల విషయంలో సబబుగానే ఉంటుంది. నోటిమాట మీద గోడ కట్టే ఊరి మేస్త్రి మాత్రం ఆ పోటీలో నిలవలేడు. ఒప్పందంలో రాసిన పనికి తప్ప మరి దేనికీ సొమ్ము వాడరాదు, ఆడిటు తప్పనిసరి.

అసలు చిక్కు మన చట్టంతోనే ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు కాని స్వచ్ఛంద సంస్థ ఈ గ్రాంటు పొందడానికి వీల్లేదు. ఆ నమోదుకు మూడేళ్ల ఉనికి, ఆ మూడేళ్లలో ప్రధాన కార్యక్రమాలపై కనీసం రూ.15 లక్షల ఖర్చు చూపించాలి. 2020 సవరణ తరువాత విదేశీ నిధి ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే జమ కావాలి. పైగా దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. కాబట్టి పెద్ద సంస్థ గొడుగు కింద ఊరి సంఘం ఈ సొమ్ము అందుకునే దారి కూడా మూసుకుపోయింది. గడ్డివేరు కోసం పెట్టిన నీరు, ఇలా, కాస్త ఎదిగిన చెట్లకే అందుతోంది.

డాక్టరు, నర్సు, రోగులు ఉండి గదులు మాత్రం సరిపోని ఆసుపత్రికి నేను దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. గది ఉంటే డాక్టరు దొరక్కపోతాడా అనుకునేవారికి చేయను.