గ్రెయిల్ వేట: పార్ట్సివాల్ మేలా, గాలహాడ్ మేలా?

బ్రిటన్ పురాణగాథల ఆర్థర్ రాజు కథల్లో వీరులు వెతికే పవిత్ర వస్తువు గ్రెయిల్. అది అన్నిచోట్లా ఒకేలా ఉండదు. 12వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి కవి క్రెటియెన్ ద ట్రోయ్ అసంపూర్తిగా వదిలేసిన కావ్యంలో అది వెడల్పాటి వడ్డన పాత్ర. 13వ శతాబ్దం తొలినాళ్లలో వోల్ఫ్రామ్ రాసిన జర్మన్ కావ్యం ‘పార్ట్సివాల్’లో అన్నపానాలు సమకూర్చే రాయి. 1225 ప్రాంతపు ఫ్రెంచి వచన కథలో క్రీస్తు కడపటి విందు నాటి పాత్ర. చివరి రెండు కథల్లో ఏది మేలన్నదే నా ప్రశ్న.

వోల్ఫ్రామ్ కథలో కత్తి పనికిరాదు. మానని గాయంతో కుమిలిపోతున్న రాజు అన్‌ఫోర్టస్ పక్కనే కూర్చుని యువ వీరుడు పార్ట్సివాల్ విందు ఆరగిస్తాడు. నెత్తురోడే బల్లెం చూస్తాడు, సభ గొల్లుమనడం వింటాడు, గ్రెయిల్‌నూ చూస్తాడు. ఒక్క మాట అడగడు. అతిగా ప్రశ్నించడం మర్యాద కాదని గురువు చెప్పాడు మరి! ఆ మౌనానికి శాపనార్థాలు తిని, ఏళ్ల తరబడి తిరిగి, ఆ రాజు తన మేనమామేనని ఒక సన్యాసి ద్వారా తెలుసుకుంటాడు. తిరిగివచ్చి “మామయ్యా, ఏమిటి మీ బాధ?” అని అడిగాకే గాయం మానుతుంది, పార్ట్సివాల్ గ్రెయిల్ రాజవుతాడు. ఎవరైనా ముందే చెబితే ఆ ప్రశ్న పనిచేయదని కథలోనే ఉంది. సన్యాసి మాత్రం అంతా చెప్పేశాడు. కవి ఈ లొసుగును పట్టించుకోలేదు. నాకూ పెద్దగా పట్టింపు లేదు.

ఫ్రెంచి వచన కథలోని వీరుడు గాలహాడ్‌కు ఇలాంటి తడబాటే ఉండదు. ఇతరులు కూర్చుంటే ప్రాణం తీసే ఆసనం అతన్ని ఏమీ చేయదు, రాతిలో దిగిన కత్తి చేతికి ఇట్టే వస్తుంది, ఎర్ర శిలువ ఉన్న తెల్ల డాలు అతని కోసమే కాచుకుని ఉంటుంది. ప్రతి వస్తువూ అతని పవిత్రతకు ధ్రువపత్రమే. చివరకు సర్రాస్ నగరంలో గ్రెయిల్ రహస్యాన్ని దర్శించి, కోరుకున్నట్టే కన్నుమూస్తాడు. ప్రతీకల పొందిక చూడాలంటే ఈ కథే మేలు. మనిషిని చూడాలంటే మాత్రం అతని తండ్రి లాన్సెలాట్ దగ్గరికి వెళ్లాలి.

ఆర్థర్ భార్య, రాణి గ్వినెవీర్‌తో అక్రమ సంబంధం లాన్సెలాట్‌ను గ్రెయిల్‌కు దూరం చేసింది. అయినా గ్రెయిల్ ఉన్న గది గుమ్మం దాకా వస్తాడు. లోపలికి రావద్దని ఒక స్వరం హెచ్చరిస్తుంది. అక్కడ పూజారి మోయలేని బరువుతో తూలిపోతున్నట్టు కనిపిస్తే, సాయం చేయడం తప్పుగా ఎంచవద్దని క్రీస్తును వేడుకుని ముందుకు దూకుతాడు. నిప్పులాంటి గాలి కొట్టి రోజుల తరబడి చచ్చినవాడిలా పడి ఉంటాడు. పార్ట్సివాల్‌కు రాజ్యం తెచ్చిన జాలే ఇక్కడ శిక్ష తెచ్చింది. అందుకే నా ఓటు వోల్ఫ్రామ్‌కు.