జనరేటర్ ట్రాలీకి టైర్ సెన్సార్లు: మూడు సీజన్లు వాడినంక

మొదలే చెప్తున్న. ఈ టైర్ సెన్సార్ల సెట్టుల నాకు నచ్చింది గాలి ఎంతున్నదో చూపెట్టుడు కాదు. కొన్నది దానికోసమే, ఆ పని అది బాగనే చేస్తది. కానీ గాలి అంకె పక్కన ఇంకో అంకె ఉంటది, కండ్లు చికిలించి చూస్తే తప్ప కనపడనంత చిన్నది. చక్రం వేడి చెప్పే అంకె. అమ్మినాయన దాని ఊసే ఎత్తలేదు. నా డీజిల్ పైసలు మిగిలింది ఆ అంకెతోనే, ఇది రాస్తున్నది కూడ దాని కోసమే.

మాది మిర్యాలగూడ దిక్కు, లైటింగు సౌండు పని. ఆరు టైర్ల పాత మినీ బస్సు ఉన్నది. సీట్లు పీకేసి నాలుగు బెర్తులు, ఒక గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టించిన. జాన్‌పహాడ్ ఉర్సు, చెరువుగట్టు జాతర, రెండేండ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు, కార్తీకంల కురుమూర్తి, మధ్యల పెండ్లిండ్లు. సీజన్ల ఐదుగురం అందులోనే వండుకుంటం, అందులోనే పంటం. దీన్ని పట్నంల మోటార్‌హోమ్ అంటరని మా బావమరిది చెప్పి నవ్విండు. మాకైతే అది బస్సు. దాని వెనుక రెండు చక్రాల ట్రాలీ, ట్రాలీ మీద 25 కేవీఏ జనరేటర్.

ట్రాలీ లేకుంటే బస్సు లీటరుకు 9 దాకా ఇస్తది. ట్రాలీ తగిలిస్తే 7. ఏండ్ల సంది ఇదే లెక్క. ఒకే బంకు, ఒకే పంపు, గన్ను టక్కుమని ఆగే దాకా కొట్టించి మీటర్ రాసుకుంట, మల్ల అట్లనే నింపి చూస్త. అంచనాతో చెప్పే మైలేజీ మీద నాకు నమ్మకం లేదు. అసుంటి లెక్క ఈ సెన్సార్లు కొన్న ఏడు వినాయక చవితి నుంచి 5.5కు పడ్డది. కురుమూర్తికి మాకు రానూపోనూ 420 కిలోమీటర్లు. 7 వస్తే 60 లీటర్లతో అయిపోతది, 5.5 అంటే 76 లీటర్లు. లీటరు 95 దాటిన కాలంల ఒక్క ట్రిప్పుకు పదిహేను వందలు ఉత్తగ పోతున్నట్టు.

ముందుగాల బంకు మీద అనుమానపడ్డ, బంకు మార్చిన. తర్వాత ఇంజన్ మీద పడ్డ. ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేయించిన, ఇంజెక్టర్లు కడిగించిన, 4,200 అయింది. మెకానిక్ "ఇగ చూడన్నా, పరుగే పరుగు" అన్నడు. పరుగు సంగతేమో గానీ మైలేజీ 5.6 వచ్చింది. టైర్లల గాలి తక్కువుంటే బండి బరువుగ గుంజుతదని ఎవరో అంటే అప్పుడు కొన్న ఈ సెన్సార్లు. బస్సుకు ఆరు, ట్రాలీకి రెండు. వాల్వు మూతి మీద తిప్పి బిగిస్తే సరి. అద్దం కింద పెట్టుకునే చిన్న తెర, అది ఎండకే ఛార్జ్ అయితది. సిగ్నల్ అందుకునే రిపీటర్‌తో కలిపి 8 వేలకు కొంచెం తక్కువ.

బిగించిన నాడే ఒక సంగతి బయటపడ్డది. ట్రాలీ టైర్లల 34 పౌండ్ల గాలి ఉన్నది. టైరు పక్కన అచ్చేసిన బరువు లెక్క చూస్తే మాకు 50 కావాలె. పంచర్ షాపుల "గట్టిగ కొట్టిన అన్నా" అంటే నమ్ముకుంట వచ్చినం. 50 చేయించి, ఇగ అయిపోయింది, రోగం దొరికిందని సంబురపడ్డ.

తెల్లారి కురుమూర్తికి బయలెల్లినం. హాలియా, కొండమల్లేపల్లి మీదుగ 167 నంబర్ రోడ్డు. పొద్దుగాల అన్ని చక్రాలు 22, 23 డిగ్రీలు చూపెట్టినయి. కల్వకుర్తిల చాయ్‌కి ఆగే దాకా నేను వేడి దిక్కు చూడనే లేదు, గాలి అంకెల మీదనే నా కన్ను. ఆపినంక చూస్తే ట్రాలీ కుడి చక్రం 37, ఎడమ చక్రం 61.

మా డ్రైవర్ నాకు మామ వరుస, ముప్ఫై ఏండ్ల సంది స్టీరింగు పట్టినోడు. తెర చూపెడితే లెక్క చెయ్యలె. "అల్లుడా, మనం పడమర దిక్కు పోతున్నం. ఎండ ఎడమ దిక్కు కొడ్తున్నది. ఎండలున్నది వేడి గాక సల్లగుంటదా?" అన్నడు. మాట సక్కగనే ఉన్నది. కార్తీకంల సూర్యుడు దక్షిణం దిక్కు వాలి ఉంటడు, పడమర పోయేటోనికి ఎడమ పక్కనే ఎండ. నేను కూడ ఒప్పుకునేటోన్నే. కానీ బస్సు ఎడమ టైర్లు కూడ అదే ఎండల ఉన్నయి, అవి 39 చూపెడ్తున్నయి. ఎండ ఒక్క ట్రాలీ మీదనే కొడ్తదా?

చాయ్ గ్లాసు పక్కన పెట్టి నీళ్ల సీసా పట్టుకొని వెనుకకు పోయిన. కుడి చక్రం నడిమిట్ల ఉండే హబ్బు మీద నీళ్లు పోస్తే జారిపోయినయి. ఎడమ హబ్బు మీద పోస్తే సుయ్యిమని ఆవిరి లేచింది. కాలిన గ్రీజు వాసన, ఇస్త్రీ పెట్టె మరిచిపోయిన బట్ట వాసన, రెండూ కలిసి వచ్చినయి. మామ ఏం మాట్లాడలె, సీదా పోయి జాకీ తీసిండు.

జాకీ మీద లేపి కుడి చక్రం చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది. ఎడమది సగం చుట్టు తిరిగి గర్రుమని ఆగింది. ట్రాలీకి హ్యాండ్‌బ్రేక్ ఉంటది, జనరేటర్‌ను ఎక్కడన్న నిలబెట్టినప్పుడు గుంజే చిన్న లివరు. వానకాలం రెండు నెలలు షెడ్డుల ఆ బ్రేకు గుంజి పెట్టే ఉంచినం. ఎడమ దిక్కు వైరు తొడుగు లోపలనే తుప్పు పట్టింది. లివరు కిందికి దించితే మన చేతికి బ్రేకు వదిలినట్టే ఉంటది, కానీ వైరు వెనుకకు జరగలె. లోపల బ్రేక్ షూలు డ్రమ్మును పట్టుకొనే ఉన్నయి. పూర్తిగ పట్టుకుంటే టైరు గీసుకపోతది, మనకు తెలుస్తది. ఇది కొంచెమే పట్టుకున్నది, పక్కన నడుస్తూ అంగీ కొంగు పట్టుకున్న పిలగాని లెక్క. చవితి నుంచి మేము ఊరూరికి జనరేటర్‌తో పాటు ఒక బ్రేకును కూడ గుంజుకుంట తిరిగినం. నా డీజిల్ ఆ డ్రమ్ముల వేడి అయి పోయింది.

కల్వకుర్తిల మెకానిక్ డ్రమ్ము విప్పిండు. ఎడమ షూ లైనర్ ఉల్లిపొర అంత మిగిలింది. లోపలి బేరింగు నీలం రంగు తిరిగింది. "ఇంకో రెండు ట్రిప్పులైతే చక్రం మీకంటె ముందు పోయేది" అన్నడు. వైరు తెంపేసి, బేరింగు మార్చి పంపిండు. అప్పటి సంది జనరేటర్ నిలబెడితే చక్రాలకు ఎదురు రాళ్లు పెడ్తున్నం, లివరు ముట్టుకుంటలేం. కొత్త వైరు వేయించుకోవాలె, అది నా బద్ధకం. తిరిగొచ్చేటప్పుడు కొలిస్తే సరిగ్గ 7.

ఆ సంబురంల నేను కొంచెం ఎక్కువనే మాట్లాడిన. లీటరుకు ఒకటిన్నర కిలోమీటరు పెంచే మిషనని కనపడ్డోళ్లందరికీ చెప్పి ముగ్గురితోని కొనిపించిన. వాళ్లల ఇద్దరు ఇప్పటికీ నన్ను చూస్తే మొహం పక్కకు తిప్పుతరు, వాళ్లకు ఏం పెరగలె. పెరగదు కూడ. నాకు ఏం పెరగలేదు, పోయింది తిరిగొచ్చింది. గాలి 34 నుంచి 50 చేసినందుకు ఎంత కలిసొచ్చిందంటే, బ్రేకు సంగతి కూడ అదే ట్రిప్పుల తేలింది గనక విడదీసి చెప్పలేను. టైరు అరుగుడు తగ్గింది, అది కంటితో చూసిన.

నిజంగ పెరిగింది రెండో సీజన్ల. దానికి పైసా ఖర్చు లేదు, సెన్సార్లతో పని లేదు. 70 మీద పోయే బండిని 55 మీద నడిపినం, అంతే. వేగం పెరిగే కొద్ది గాలి అడ్డం వర్గం లెక్కల పెరుగుతది, 55 కాడికంటె 70 కాడ ఒకటిన్నర రెట్లకు పైనే. మా బస్సు ముందు మొహం బీరువా తలుపంత బల్లపరుపు, దానికి ఇంకా ఎక్కువ తెలుస్తది. టాప్ గేరుల 55 మీద పోనిస్తే 7.8 వచ్చింది. మామకైతే ప్రాణం పోయినంత పని. "ఎడ్లబండి తోలుమంటివి" అని జడ్చర్ల దాకా గొణిగిండు. ముప్పావు గంట ఆలస్యం, జాతరల మంచి జాగ దొరకదని ఆయన బాధ. అది కూడ నిజమే, పోయినేడు ఆలస్యమై వాగు పక్కన బురదల సామాను దించినం.

ఇంకొంత బరువు తగ్గించి మిగిలించినం. నీళ్ల డ్రమ్ము ఇంటికాడ నింపితే 200 కిలోలు, జనరేటర్‌కు డీజిల్ డ్రమ్ము నింపుకపోతే ఇంకో 165 పైన. ఇప్పుడు నీళ్లు జాతర కాడికి పోయి నింపుతం, డీజిల్ దేవరకద్రల పోయిస్తం. బస్సు మీద పైపులకు కప్పిన టార్పాలిన్ గాలికి కడుపుతోని ఉన్నట్టు ఉబ్బేది, దాన్ని తాడేసి గట్టిగ కట్టినం. ఒక వెల్డింగు షాపాయన క్యాబిన్ మీద గాలి మళ్లించే రేకు పెట్టిస్త, 6 వేలియ్యి అన్నడు. వెనుక క్యాబిన్‌కంటె ఎత్తు లోడు ఉండే లారీకి అది పనికొస్తదేమో. మా బస్సే ఎత్తు, జనరేటర్ దాని చాటుకు నీడల కూసున్నట్టు వస్తది. ఆ రేకు ఎవరి కోసం?

ఇగ సెన్సార్ల ఇబ్బందులు. వెనుక జోడు టైర్లల లోపలి దానికి వాల్వు అందదు, ఎక్స్‌టెన్షన్ గొట్టం వేయాలె. ఆ గొట్టం కాడనే రెండు సార్లు గాలి పోయింది. అంటే గాలి పోతున్నదని చెప్పే మిషన్ పెట్టుకున్నందుకే గాలి పోయింది. ఇప్పుడు లోపలి రెండు తీసి డబ్బాల పడేసిన, సుత్తెతో కొట్టి సప్పుడు వినుడే. రిపీటర్ లేకుంటే ట్రాలీ అంకెలు మాటిమాటికి మాయమైతయి, కాబట్టి అది లేకుండ ట్రాలీ ఉన్నోళ్లు కొనొద్దు. గుండీ సెల్లు ఏడాదికోసారి మార్చాలె. పెద్దగట్టుల ఎవడో ఒక సెన్సార్ విప్పుకపోయిండు, దానితో ఏం చేసుకున్నడో ఆ లింగమంతులసామికే ఎరుక.

మే నెలల దీని లొల్లి చెప్పొద్దు. నల్గొండ ఎండల తెల్లారి 50 ఉన్న గాలి మధ్యాహ్నానికి 58 అయితది, అది కీకీమని మొత్తుకుంటది. మొదటి ఎండకాలం మా పిలగాడు దాని నోరు మూయించనీకి నడి ఎండల గాలి తీసిండు. తెల్లారి చల్లబడ్డంక చూస్తే 43. గాలి పొద్దుగాల బండి కదలక ముందే చూడాలె, వేడి మీద తియ్యొద్దు. అలారం హద్దు పైకి జరుపుకుంటే లొల్లి తగ్గుతది.

నేను మెచ్చుకున్న వేడి అంకె కూడ అసలు వేడి కాదు. సెన్సార్ చక్రం బయట వాల్వు మీద ఉంటది, నడుస్తుంటే గాలికి చల్లబడతది. డ్రమ్ము చెయ్యి కాలేంత ఉన్న నాడు అది 61 అన్నది. కాబట్టి అంకెను నమ్మను, ఎడమకు కుడికి తేడాను నమ్ముత. పది డిగ్రీలు దాటితే దిగి చూస్త.

మల్ల కొంటవా అంటే, మా లెక్క దూరాలు తిరిగి, వెనుక ఏం జరుగుతున్నదో అద్దంల కనపడని ట్రాలీ ఉంటే కొంట, అది కూడ నాలుగు సెన్సార్లదే. మా బావకు ట్రాక్టర్ ఉన్నది, వడ్లు మిల్లుకు తోలుతడు, ఆరు కిలోమీటర్లు. కొందునా అని అడిగితే వద్దన్న. మూడు నాలుగు వందల గాలి మీటరు కొనుక్కొని, ఆగినకాడ దిగి రెండు హబ్బులు చేత్తో ముట్టుకుంటే ఆయనకు సరిపోతది. మామ ఇప్పుడు అదే చేస్తడు. ఎక్కడ ఆగినా తెర మొహం చూడకుండ సీదా వెనుకకు పోతడు, చెయ్యి పెట్టి వచ్చి "38 ఉంటది" అంటడు. ఒకటి రెండు డిగ్రీల తేడాతో సరిగ్గనే చెప్తడు, అదొక ఏడుపు నాకు.

ఈ కార్తీకం పోయేటప్పుడు ట్రాలీ ఎడమ చక్రం మల్ల ఐదారు డిగ్రీలు ఎక్కువ చూపెట్టింది. జాకీ మీద లేపి తిప్పినం, గిర్రుమన్నది, ఏ పట్టూ లేదు. "ఎండరా అల్లుడా, మూడేండ్ల సంది అదే చెప్తున్న" అన్నడు మామ. ఎల్లుండి తెల్లారి తిరుగు ప్రయాణం. తూర్పు దిక్కు పోతం గనక ఎండ కుడి పక్కకు వస్తది. కుడిది ఎక్కువ చూపెడితే మామకు చాయ్ నేను తాగిపియ్యాలె.