ఎండీఎన్‌లో ఫాల్సీ పేజీ: చిన్నదే కానీ గట్టిది

జావాస్క్రిప్ట్‌లో ట్రూ, ఫాల్స్ నేర్పే వీడియోలు యూట్యూబ్‌లో కుప్పలుగా ఉన్నాయి, సగం టైమ్ హాయ్ ఫ్రెండ్స్, సబ్‌స్క్రైబ్ చేసుకోండి దగ్గరే అయిపోతుంది. నన్నడిగితే అవన్నీ పక్కన పెట్టి ఎండీఎన్ తెరవండి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తెచ్చిన మొజిల్లా 2005లో మొదలుపెట్టిన వెబ్ డాక్యుమెంటేషన్, చదవడానికి పైసా అడగదు, లాగిన్ కూడా అక్కర్లేదు (2022లో ప్లస్ అని డబ్బు కట్టే ప్లాన్ ఒకటి తెచ్చారు, దాంతో మనకు పని లేదు). అందులో గ్లాసరీలో ఫాల్సీ (ఇఫ్ కండిషన్‌లో ఫాల్స్‌గా లెక్కయ్యేది), ట్రూతీ (ట్రూగా లెక్కయ్యేది) అని రెండు చిన్న పేజీలున్నాయి.

ఫాల్సీ పేజీలో అసలు సరుకు ఒక్క పట్టికే. ఇఫ్‌లో పెడితే ఫాల్స్ కింద లెక్కయ్యేవి ఏవంటే ఫాల్స్, సున్నా, మైనస్ సున్నా, బిగ్‌ఇంట్ (చాలా పెద్ద పూర్ణాంకాల టైప్) సున్నా, ఖాళీ స్ట్రింగ్, నల్, అన్‌డిఫైన్డ్, నాన్ (NaN, అంటే నంబర్ కానిది). వీటితో పాటు డాక్యుమెంట్.ఆల్ అని ఒక వింత. అది నిజానికి ఆబ్జెక్టే, కానీ ఫాల్సీ. ఎందుకంటే పాత రోజుల్లో వచ్చింది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరా కాదా అని తేల్చుకోవడానికి సైట్లు దాన్నే ఇఫ్‌లో పెట్టి చూసేవి, మిగతా బ్రౌజర్లు ఆ పాత సైట్లు చెడిపోకుండా దాన్ని ఇస్తూనే లేనట్టు నటించాల్సి వచ్చింది. ఇంతకు మించి ఇంకేదైనా ట్రూతీయే, బట్టీ పట్టాల్సింది ఈ కాస్తే.

ట్రూతీ పేజీలో ఉదాహరణలు కూడా బాగా ఏరారు. ఖాళీ అర్రే ట్రూతీ, ఖాళీ ఆబ్జెక్ట్ ట్రూతీ, కోట్స్‌లో రాసిన సున్నా ట్రూతీ, కోట్స్‌లో రాసిన ఫాల్స్ కూడా ట్రూతీ. పైథాన్ నుంచి వచ్చినవాళ్లకు మొదటిది, పీహెచ్‌పీ నుంచి వచ్చినవాళ్లకు మూడోది మింగుడు పడదు, ఎందుకంటే అక్కడ అవి ఫాల్స్ కిందికే వస్తాయి.

నా కంప్లైంట్ ఇక్కడే. కోట్స్‌లోని ఫాల్స్‌ని ఒక్క లైన్‌లో చూపించి వదిలేశారు, కానీ అసలు పనిలో మనల్ని ముంచేది అదే. లోకల్ స్టోరేజ్‌లో (బ్రౌజర్‌లోనే డేటా దాచే చోటు) ఏది దాచినా స్ట్రింగ్‌గా మారిపోతుంది. యూజర్ డార్క్ మోడ్ ఆపేశాడని ఫాల్స్ దాచారనుకోండి, పేజీ రీలోడ్ చేసి చదివితే చేతికొచ్చేది ఐదక్షరాల ఇంగ్లీష్ మాట, దాన్ని నేరుగా ఇఫ్‌లో పెడితే డార్క్ మోడ్ మళ్లీ ఆన్! దాన్ని ట్రూ అనే స్ట్రింగ్‌తో === పెట్టి పోల్చాలి, లేదా JSON.parseతో దాన్ని మళ్లీ అసలు ఫాల్స్‌గా మార్చుకోవాలి. హెచ్‌టీఎంఎల్‌లో బటన్‌కి డిసేబుల్డ్ ఈక్వల్స్ ఫాల్స్ అని రాసినా బటన్ పనిచేయదు, అక్కడ ఆ ఆట్రిబ్యూట్ ఉందా లేదా అన్నదే లెక్క. ఈ రెండింటికీ ఫాల్సీ పేజీలో నాలుగు లైన్లు కేటాయిస్తే ఎంత టెన్షన్ తప్పేదో.

ఇంటర్వ్యూల్లో తెగ అడిగే [] == ఫాల్స్ సంగతికి వేరే పేజీకి, ఈక్వాలిటీ గురించి ఉన్నదానికి, వెళ్లాలి. ఇఫ్‌లో ట్రూతీ అయిన ఖాళీ అర్రే ఇక్కడ ఫాల్స్‌తో సమానమని వస్తుంది, కారణం == రెండువైపులా నంబర్లు చేసి చూస్తుంది: అర్రే ముందు ఖాళీ స్ట్రింగ్ అయి, అది సున్నా అవుతుంది, ఫాల్స్ కూడా సున్నాయే. ఇఫ్ అలాంటి మార్పిడి చేయదు, నేరుగా ట్రూతీయా కాదా అని చూస్తుంది. ఇది అర్థమైతే == వాడాలన్న కోరికే పోతుంది.

నాకు ఎక్కువ ఉపయోగపడింది మాత్రం ?? అనే ఆపరేటర్ గురించిన పేజీ. దానికి ముందు నుంచీ ఉన్న || ఎడమవైపు విలువ ఫాల్సీ అయితే కుడివైపుది తీసుకుంటుంది. కార్ట్‌లో క్వాంటిటీ నంబర్‌గా సున్నా ఉన్నప్పుడు || 1 అని రాస్తే, సున్నా ఫాల్సీ కాబట్టి యూజర్ వద్దన్న వస్తువు ఒకటి వచ్చి కూర్చుంటుంది. ?? అయితే నల్, అన్‌డిఫైన్డ్ ఉన్నప్పుడే రెండోవైపు వెళ్తుంది, సున్నాని ముట్టుకోదు. జావాస్క్రిప్ట్ 2020 స్టాండర్డ్‌లో వచ్చిన ఫీచర్ ఇది, అయినా ఇప్పటికీ చాలా కోడ్‌లో అలవాటుకొద్దీ ||నే కనిపిస్తుంది.

భాష విషయానికొస్తే ఎండీఎన్ ఇంగ్లీష్‌తో పాటు ఫ్రెంచ్, జపనీస్, కొరియన్ లాంటి వాటిలో ఉంది, తెలుగులో లేదు. ఇంగ్లీష్ సులభంగానే ఉంటుంది, ఇంటర్ పాసైనవాళ్లు కాస్త ఓపిక పడితే చదివేయొచ్చు. పక్కనే ఎఫ్12 నొక్కి కన్సోల్ తెరిచి, పట్టికలోని ఒక్కో విలువ ముందు రెండు ఆశ్చర్యార్థకాలు (!!) పెట్టి ఎంటర్ కొడుతూ చదవండి, అది ట్రూనో ఫాల్సో అక్కడే తేలిపోతుంది.